జాగ్రత్త: డూప్లికేట్లు తీసేస్తానన్న ప్లేయర్ మా ఇంటి హారతులు తీసేసింది

డబ్బులిచ్చి మ్యూజిక్ ప్లేయర్ సాఫ్ట్‌వేర్ కొనే ఆలోచనలో ఉంటే ఐదు నిమిషాలు ఆగి ఇది చదవండి. నేను ఆగలేదు.

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. ల్యాప్‌టాప్‌లో పాటలూ అలాగే రెండు భాషల్లో, 9,000కి పైనే ఉన్నాయి. అందులో 200 దాకా నాన్నగారి కేసెట్ల నుంచి ఎక్కించుకున్నవి: పాతపట్నంలో చెప్పించిన హరికథలు, అత్తయ్యల పేరంటం పాటలు. టేప్‌రికార్డర్‌కి వైరు తగిలించి ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించడానికి రెండు వేసవులు పట్టింది. కేసెట్ ఎంతసేపు తిరిగితే అంతసేపూ కూర్చోవాల్సిందే మరి.

"పాటల పేర్లు సరిచేస్తాం, డూప్లికేట్లు తొలగిస్తాం, లైఫ్‌టైమ్ లైసెన్సు 1,899 రూపాయలు" అన్న ప్రకటన చూసి కొన్నాను. క్లీన్ బటన్ నొక్కి భోజనానికి వెళ్ళాను. వచ్చేసరికి తెలుగు, ఒడియా పేర్లన్నీ ప్రశ్నార్థకాలు అయిపోయాయి. అక్కడితో ఆగినా బాగుండేది.

జరిగిందేమిటో తర్వాత అర్థమైంది. అది పాటని విని పోల్చదు, పేరు చూసి పోలుస్తుంది. ఆ పేర్లని ముందే పాడుచేసింది. కంప్యూటర్ లెక్కలో "మంగళం" అంటే ఐదు గుర్తులు: మ, సున్నా, గ, ళ, సున్నా. "హారతి" కూడా ఐదే: హ, దీర్ఘం, ర, త, గుడి. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే పద్ధతి) తెలియని సాఫ్ట్‌వేర్ ఒక్కో గుర్తుకీ ఒక్కో ప్రశ్నార్థకం పెట్టేసింది. ఇంకేముంది, రెండూ ఒకే పేరు! 11 మంగళాలు, 8 హారతులు కలిపి ఒక్క పాటగా లెక్కేసి 18 తీసేసింది. ఉంచినది కూడా కేసెట్ అయిపోయి సగంలో తెగిన రికార్డింగు.

రీసైకిల్ బిన్‌లో వెతికాను, లేవు. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే డిస్కు లేని రకం డ్రైవ్. చెరిపిన ఫైళ్ళ చోటుని ఆ డ్రైవే ఖాళీ చేసుకుంటుంది కాబట్టి రికవరీ సాఫ్ట్‌వేర్లతో లాభం లేకపోయింది. కంపెనీకి మెయిల్ పెడితే "డేటా బ్యాకప్ బాధ్యత వినియోగదారుడిదే" అన్న ఒకే జవాబు మూడుసార్లు వచ్చింది. రీఫండ్ గడువు దాటిందట. లైఫ్‌టైమ్ అన్నది ఈ వెర్షన్ వరకేనని కూడా అప్పుడే చెప్పారు.

మీ ప్లేయర్‌లో పేర్లు సరిగ్గా కనబడకపోతే కంగారుపడి ఏ బటనూ నొక్కకండి. గళ్ళు గళ్ళుగా కనిపిస్తే ఫాంట్ లేదంతే, పేరు భద్రంగా ఉంది. నెత్తిన గీతలూ చుక్కలూ ఉన్న వింత ఇంగ్లీషు అక్షరాలొస్తే తప్పు ఎన్‌కోడింగ్‌లో, అంటే అక్షరాల్ని దాచిన పద్ధతి ఒకటైతే ఇంకొకటి అనుకుని, చదువుతోందన్నమాట. చాలావరకు బాగుచేయొచ్చు. ఫైల్లోనే ప్రశ్నార్థకాలు రాసేస్తే మాత్రం అసలు పేరు పోయినట్టే. ఎంపీత్రీ ఫైలు చివర 128 బైట్లలో వివరాలు దాచే పాత పద్ధతి ఒకటుంది. పేరుకి 30 బైట్లే, మన లిపులకి చోటే లేదు. 1999లో వచ్చిన ఐడీత్రీ 2.3 అనే పద్ధతిలో యూనికోడ్ ఉంది. కొనేముందు ట్యాగుల్ని (ఫైల్లో దాచే పాట పేరు లాంటి వివరాల్ని) ఈ రెండో రకంలో రాస్తుందా అని అడగండి. తిన్నగా జవాబు రాకపోతే వదిలేయండి.

నేనిప్పుడు కొత్త ప్లేయర్ ఏదైనా ముందు విడి ఫోల్డర్‌లో 20 పాటల కాపీలు పెట్టి చూస్తున్నాను. తెలుగు పేరు, ఒడియా పేరు, ఎంపీత్రీ, ఫ్లాక్ అనే ఇంకో రకం ఆడియో ఫైలు, ఒకే పేరుతో రెండు వేర్వేరు పాటలు, అన్నీ ఉండేలా. గంటసేపు ఆడించాక విండోస్‌లో ఆ ఫైళ్ళ "డేట్ మాడిఫైడ్" చూస్తాను. పాట వినిపించినంత మాత్రాన ఆ తేదీ మారకూడదు. మారిందంటే నన్నడక్కుండా ఫైలు మీద ఏదో రాసిందన్నమాట. ఈ పరీక్షలో నాకు నెగ్గింది ఫూబార్2000, అదీ ఉచితంగా. చూడ్డానికి బోసిగా ఉంటుంది, మా అమ్మాయికి అస్సలు నచ్చలేదు. ట్యాగులు మార్చడానికి విడిగా ఎంపీత్రీట్యాగ్ వాడుతున్నాను. వీఎల్‌సీ దేన్నైనా ఆడిస్తుంది కానీ వేల పాటల్లో వెతుక్కోవడానికి నాకు కుదరలేదు.

బరంపురంలో తమ్ముడి దగ్గర రెండేళ్ళ నాటి హార్డ్ డిస్క్ దొరికింది. పోయిన 18లో 14 అందులో ఉన్నాయి. మిగిలిన నాలుగూ అత్తయ్య పాడిన హారతులు. వాటి కేసెట్ అటక మీదే ఉంది గానీ టేపు రెండు చోట్ల నలిగింది. టేప్‌రికార్డర్ బెల్టు మార్పించడానికి ఇచ్చాను, శనివారం వస్తుంది.