తడిపి కుట్టిన బొంత, తడపకుండా కుట్టిన బొంత: ఏళ్ళ తరబడి వాడాక నా మాట

మా ఇంట్లో రెండు బొంతలున్నాయి. రెండూ నేనే కుట్టాను. కొలత ఒకటే, లోపల పరిచినవి కూడా మా అత్తమ్మ కట్టి విడిచిన నూలు చీరలే. ఒకదానికి పై గుడ్డలన్నీ కత్తిరించక ముందే తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాను. రెండోదానికి గాంధీ రోడ్డు నుంచి గుడ్డ తెచ్చింది తెచ్చినట్టే కత్తిరించాను. తడపడం దండగ పని అనేవాళ్ళూ, తడపకపోతే బొంత పాడైపోతుందనేవాళ్ళూ మా చుట్టాల్లో ఉన్నారు. వాడి తేల్చుకుందామని కావాలనే అలా కుట్టాను. ఇన్నేళ్ళు కప్పుకుని, ఉతికి, పిల్లలు వాటి మీద దొర్లి ఆడుకున్నాక చెప్తున్నాను: మన బొంతలకి కొత్త గుడ్డ తడపాల్సిందే.

కారణం మన బొంత కట్టుబడిలోనే ఉంది. అందులో పాతా కొత్తా కలుస్తాయి. ఏళ్ళ తరబడి కట్టి ఉతికిన నూలు చీర కుంచించుకుపోవాల్సినంతా ఎప్పుడో కుంచించుకుపోయింది. పైన వేసే కొత్త పాప్లిన్ గుడ్డ ఇంకా మొదలే పెట్టలేదు. మగ్గం మీద పడుగు, అంటే నిలువు దారాలు, బిగలాగి నేస్తారు కాబట్టి, నీళ్ళు తగలగానే ఆ బిగువు వదులుతుంది. అందుకే గుడ్డ వెడల్పు కంటే పొడవు ఎక్కువ తగ్గుతుంది. మామూలు నూలు గుడ్డ నూటికి 3 నుంచి 5 వంతులు తగ్గుతుంది. 90 అంగుళాల బొంతలో అది దాదాపు 3, 4 అంగుళాలు. నగరి వైపు మరమగ్గాల నుంచి వచ్చే ముడి గుడ్డ అడుగున వేస్తే ఇంకా ఎక్కువే పోతుంది. లోపలి చీరలు మాత్రం కదలవు. ఆ లాగుడంతా కుట్టు మీద పడుతుంది.

తడపని బొంతలో ఒక మూల చూస్తే ఇదంతా అర్థమవుతుంది. అక్కడ మెరూన్ ముక్క పక్కన మీగడ రంగు ముక్క ఉంది. డిజైన్ కోసం ఒకదాన్ని నిలువుగా, ఇంకోదాన్ని అడ్డంగా వేశాను. మెరూన్ ఒక వైపుకి తగ్గింది, మీగడ రంగుది ఇంకో వైపుకి. మధ్య అతుకు వంకర తిరిగి, పక్కన గుడ్డ వేయించిన అప్పడంలా ఉబ్బింది. ఆ చోట రన్నింగ్ కుట్టు దారం తెగితే మళ్ళీ కుట్టాను, మళ్ళీ తెగింది. అతుకు వెంబడి మీగడ రంగులోకి వేలెడు వెడల్పున గులాబీ చార పాకింది. ఎన్నిసార్లు ఉతికినా ఆ చార పోలేదు. తడిపి కుట్టిన బొంతలోనూ అదే మెరూన్ ఉంది. దాని పక్కన తెలుపు ఇప్పటికీ తెల్లగానే ఉంది.

ముడతలు పడితేనే అందం అనేవాళ్ళున్నారు. విదేశాల్లో క్విల్ట్ కుట్టేవాళ్ళలో చాలామంది ఆ పాతకాలపు కళ కోసమే తడపకుండా కుట్టి, తర్వాత ఉతుకుతారు. వాళ్ళకి అది చెల్లుతుంది. వాళ్ళు లోపల వేసే దూది పొర కొత్తదే, పైనా కిందా గుడ్డ కూడా కొత్తదే. అన్నీ కలిసి తగ్గుతాయి. పాత చీరల మీద కొత్త గుడ్డ వేసే మనకి ఆ లెక్క కుదరదు. అయినా జాకెట్టు లైనింగ్ తడపకుండా టైలర్‌కి ఇవ్వని మనం, ఇంటిల్లిపాదీ ఏళ్ళ తరబడి కప్పుకునే బొంత దగ్గర ఎందుకు తొందరపడాలి? "తడిపి పెట్టుకోమ్మే, ఒక పూట పనే గదా" అని మా అత్తమ్మ అనేది. నిజంగా ఒక పూట పనే.

రంగు విషయంలో ఎరుపు, మెరూన్, ముదురు నీలం, నలుపు ఏవీ నమ్మొద్దు. గుడ్డ మూల తడిపి, తెల్ల గుడ్డ మధ్య పెట్టి ఇస్త్రీపెట్టె అదిమితే సంగతి తేలిపోతుంది. మరక పడితే విడిగా, నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించాలి. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని అందరూ చెప్తారు. నేనూ చేసి చూశాను, ఈ కాలం రంగులకి దాని వల్ల ఒరిగిందేమీ లేదు. గుడ్డని పట్టుకోకుండా మిగిలిన రంగు బయటికి పోవాల్సిందే, వేరే దారి లేదు.

శ్రీకాళహస్తి కలంకారీ ముక్క వేయాలనుకుంటే మాత్రం జాగ్రత్త. చేత్తో గీసిన అసలు కలంకారీ తయారీలోనే కరక్కాయ, పాలు, పటిక, బెల్లం ఇనుముతో చేసిన నలుపు దాటి, మధ్యమధ్యలో పారే నీళ్ళలో చాలాసార్లు ఉతుకు పడుతుంది. దానికి సబ్బుపొడి తగలనివ్వకూడదు. చల్లటి నీళ్ళలో ఒకసారి ముంచి నీడన ఆరేస్తే చాలు. కలంకారీ పేరుతో అమ్మే ప్రింట్లకి మాత్రం తెల్ల గుడ్డ పరీక్ష తప్పదు.

తడపడంలో ఇబ్బంది లేకపోలేదు. అంచుల్లో దారాలు ఊడి చిక్కుపడతాయి, అందుకే కత్తిరించిన ముక్కలు కాకుండా మీటర్ల గుడ్డే తడపాలి. మిల్లు గంజి పోయి గుడ్డ మెత్తబడితే కత్తెర కింద జారుతుంది. పల్చటి గంజి పెట్టి, కాస్త తడిగా ఉండగానే ఇస్త్రీ చేస్తే మళ్ళీ నిలబడుతుంది. బొంత పూర్తయ్యాక ఆ గంజిని కూడా ఒకసారి ఉతికి వదిలించాలి, లేకపోతే పెట్టెలో పురుగు చేరుతుంది. గుడ్డ కూడా మీటరుకి పది సెంటీమీటర్లు ఎక్కువే తీసుకోవాలి. మా మిద్దె మీద ఎండాకాలంలో గంటలో ఆరిపోతుంది. నవంబరు వానల్లో మాత్రం ఈ పని పెట్టుకోకండి, గుడ్డకి ముక్కిన వాసన పట్టేస్తుంది.

అచ్చంగా పాత చీరలతోనే కుట్టేవాళ్ళకి ఇదేదీ అక్కర్లేదు. పాలిస్టర్ గుడ్డ కూడా తగ్గదు. కానీ పసిబిడ్డ కోసం కుట్టే బొంతకైతే ఏ గుడ్డైనా సరే ఉతికాకే వాడండి. మెరుపుకీ, ముడత పడకుండా ఉండటానికీ మిల్లులో పూసిన రసాయనం ఆ లేత ఒంటికి తగలకూడదు.