పికప్ వెనక బ్రేకులు: నా కోపమంతా ఒక్క వాల్వ్ మీదే

ఇంజన్, గేర్లు, మైలేజీ గురించి కొత్తగా చెప్పేదేం లేదు, అన్నీ బాగానే ఉన్నాయి. ఇన్నాళ్ల వాడకంలో విసిగించింది ఒక్కటే: ఛాసిస్‌కి బిగించి, సన్నటి కడ్డీతో వెనక హౌసింగ్‌కి (ఇరుసు ఉండే గొట్టానికి) కలిపిన లోడ్ సెన్సింగ్ వాల్వ్, అంటే లోడుని బట్టి వెనక బ్రేకుల ఆయిల్ ప్రెజర్ మార్చే వాల్వ్.

దాని పని మంచిదే. బండి ఖాళీగా ఉంటే వెనక చక్రాలు ముందే పట్టేసి బండి అడ్డం తిరగకుండా ప్రెజర్ తగ్గిస్తుంది. లోడు పడి బాడీ దిగితే కడ్డీ కదిలి ప్రెజర్ పెంచుతుంది. చిక్కల్లా అది బురదా నీళ్లూ నేరుగా కొట్టే చోట ఉండటం. తుప్పు పట్టి ఖాళీ పొజిషన్‌లో బిగుసుకుపోయిందంటే ఎంత లోడేసినా వెనక బ్రేకులు అరకొరగానే పడతాయి. లైటు వెలగదు, ఆయిల్ కారదు, పెడల్ గట్టిగానే తగులుతుంది. బ్రేకు కొడితే ముందు భాగం బాగా కిందికి వంగడం, ముందు ప్యాడ్లు తొందరగా అరగడం, కనిపించేవి ఇవే.

నా బండికి ఇదే వస్తే వర్క్‌షాప్‌లో మొదట వెనక లైనర్లు, అంటే డ్రమ్ముల్లో షూల మీద ఉండే రాపిడి పట్టీలు, మార్చారు. ఏ మార్పూ లేదు. డ్రమ్ము విప్పకుండానే సగం తేల్చే పరీక్ష ఒకటుంది. ఈ బండిలో హ్యాండ్ బ్రేకూ కాలి బ్రేకూ డ్రమ్ముకేసి తోసేది అవే షూలను కాబట్టి ఇది కుదురుతుంది. మనుషులు తిరగని చోట, మనిషి నడిచేంత స్పీడులో, బటన్ నొక్కి పట్టుకుని హ్యాండ్ బ్రేక్ లాగాలి. వెనక చక్రాలు గట్టిగా పట్టాయంటే లైనర్ల మీద అనుమానం అక్కర్లేదు, లోపం ఆయిల్ ప్రెజర్ వైపుంది. పట్టకపోతే, కేబుల్ వదులు కాదని చూసుకున్నాకే డ్రమ్ము విప్పాలి.

ప్రెజర్ వైపు చూడాలంటే ముందు చక్రాలకు అడ్డాలు పెట్టి, వెనక లేపి, స్టాండ్లు హౌసింగ్ కిందే పెట్టాలి. ఛాసిస్ కింద పెడితే హౌసింగ్ వేలాడుతుంది, వాల్వ్ బండి ఖాళీ అనుకుని ప్రెజర్ కోసేస్తుంది, పరీక్షంతా తప్పు చెబుతుంది. న్యూట్రల్‌లో ఒకరు పెడల్ తొక్కితే మరొకరు చక్రం తిప్పి చూడాలి. తర్వాత కడ్డీ కింది కొస విప్పి, లోడు పడినప్పుడు కదిలే వైపుకి లీవర్‌ని చేత్తో తోసి మళ్లీ తొక్కించాలి. ఇప్పుడు పట్టు పెరిగితే వాల్వ్ బాగుంది, కడ్డీ సెట్టింగే తప్పు. పెరగకపోతే వాల్వైనా పోయుండాలి, హౌసింగ్ మీదికి దిగే రబ్బరు గొట్టమైనా లోపల ఉబ్బి మూసుకుపోయుండాలి. వాల్వ్ నుంచి బయటికెళ్లే పైపు యూనియన్ (బిగింపు నట్టు) వదులు చేస్తే ఆయిల్ బలంగా వచ్చి, చక్రం దగ్గర షూలని తోసే వీల్ సిలిండర్ నిపుల్ (ఎయిర్ తీసే చిన్న స్క్రూ) దగ్గర చుక్కలే పడుతుంటే తప్పు గొట్టానిది.

నా దాంట్లో లీవర్ అసలు కదల్లేదు. తుప్పు వదిలించే ఆయిల్ కొడితే లీవర్ ఆడుతుందేమో గానీ లోపలి పిస్టన్ ఆడుతుందన్న నమ్మకం లేదు, కాబట్టి వాల్వే మార్పించాను. మార్చాక బ్రేకు లైన్లలో ఎయిర్ తీసేటప్పుడు వాల్వ్‌కి సొంత నిపుల్ ఉంటే దాన్నీ వదలకూడదు. కడ్డీ పొడవు మాన్యువల్ ప్రకారమే పెట్టాలి.

లోడు మోయడానికి వెనక కమాన్లకి (స్ప్రింగులకి) ఎక్‌స్ట్రా పట్టీ వేయించుకోమని అడిగిన వాళ్లందరికీ చెబుతుంటాను. ఇప్పటికీ చెబుతాను, కాకపోతే ఒక షరతు. పట్టీ వల్ల బాడీ తక్కువ దిగుతుంది, వాల్వ్ లోడు తక్కువనుకుంటుంది, సరిగ్గా బరువున్నప్పుడే బ్రేకు తగ్గుతుంది. పట్టీ వేసిన రోజే కడ్డీ మళ్లీ సెట్ చేయించాలి. ఆ మాట కమాన్లు వేసేవాళ్లు చెప్పరు.

షూలు అరిగేకొద్దీ గ్యాప్ దానంతటదే సర్దే ఆటో అడ్జస్టర్ సంగతి వేరు. పెడల్ మొదటి తొక్కుకి కిందికెళ్లి, వెంటనే రెండోసారి తొక్కితే పైనే ఆగితే షూలకీ డ్రమ్ముకీ మధ్య గ్యాప్ ఎక్కువుందని అర్థం. హ్యాండ్ బ్రేక్ కేబుల్ లాగి బిగించడం దానికి మందు కాదు. ముందు కేబుల్ వదులు చేసి, స్టార్ వీల్‌తో (అడ్జస్టర్ మీదుండే పళ్ల చక్రంతో) గ్యాప్ తీసి, ఆఖర్న కేబుల్ బిగించాలి. స్టార్ వీల్ స్క్రూ ఎడమదీ కుడిదీ మరలు వేరు. తారుమారైతే బిగుసుకోవాల్సింది వదులవుతూ పోతుంది.

నాది ఎప్పుడూ లోడుతో మట్టిరోడ్ల మీద తిరిగే బండి, అందుకే ఇంత మంట. ఎక్కువగా ఖాళీగా, తారురోడ్డు మీద నడిపేవాళ్లకి ఈ వాల్వ్ ఉందన్న సంగతే తెలియకపోవచ్చు, వాళ్లైతే ఈ బండి నిశ్చింతగా తీసుకోవచ్చు. నాలాంటి వాడకమైతే ఈబీడీ (ముందు వెనక బ్రేకుల బలాన్ని ఎలక్ట్రానిక్‌గా పంచే ఏర్పాటు) ఉన్న మోడల్ చూడండి, చాలావాటికి ఈ కడ్డీ గోల ఉండదు. ఉన్నదాంతోనే నెట్టుకురావాలంటే సర్వీసు చేయించిన ప్రతిసారీ లీవర్ ఆడుతోందో లేదో చేత్తో కదిపి చూడమనండి.