కంఠీరవలో వెస్ట్ బ్లాక్: ఐ-లీగ్ రోజుల నుంచి నిలబడి చూసిన అభిమాని సమీక్ష

బెంగళూరు కంఠీరవ స్టేడియంలో జరిగే బెంగళూరు ఎఫ్‌సీ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ఏ స్టాండ్ టికెట్ తీసుకోవాలని మా ఆఫీసులో మన తెలుగువాళ్లు తరచూ అడుగుతుంటారు. మన జట్టు ఐ-లీగ్‌లో, అంటే అప్పటి దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడిన రోజుల నుంచి నాది వెస్ట్ బ్లాక్ స్టాండే కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను, అక్కడ కూర్చుని చూడటం కుదరదు. వెస్ట్ బ్లాక్ బ్లూస్ అనే అభిమానుల బృందం డ్రమ్ములు, పాటలతో మ్యాచంతా నిలబడే ఉంటుంది. స్టాండ్‌కీ మైదానానికీ మధ్య రన్నింగ్ ట్రాక్ అడ్డం, ఆటగాళ్లు కాస్త దూరంగానే కనిపిస్తారు. చిన్నపిల్లలతో వెళ్తే వేరే స్టాండ్ మేలు.

క్లబ్ 2013లో పుట్టింది, మొదటి సీజన్‌లోనే ఐ-లీగ్ కొట్టింది. అప్పట్లో జనం తక్కువ, అన్నీ తెలిసిన మొహాలే. కొత్తగా ఎవరొచ్చినా పక్కనున్నవాళ్లే భుజం మీద చెయ్యేసి పాట నేర్పేవారు. నాకు కన్నడ నోరు తిరిగింది ఆ మెట్ల మీదే. 2016లో ఆసియా క్లబ్బుల టోర్నీ ఏఎఫ్‌సీ కప్ సెమీఫైనల్‌లో మలేసియా నుంచి వచ్చిన జొహోర్ జట్టు ముందు గోల్ కొట్టింది. డ్రమ్ము ఆగలేదు, పాట గొంతు ఇంకా పెరిగింది. మన స్టార్ ఆటగాడు సునీల్ ఛెత్రీ రెండు గోల్స్, హువానన్ ఒకటి, 3-1తో మనమే గెలిచాం. స్కోరుతో పని లేకుండా పాడటమే అప్పటి వెస్ట్ బ్లాక్.

2017లో క్లబ్ ఐఎస్‌ఎల్‌కి (ఇండియన్ సూపర్ లీగ్) మారాక జనం పెరిగారు. అసలు దెబ్బ మాత్రం కోవిడ్. రెండు సీజన్లు ఆటంతా గోవాలోనే జరిగింది. పాతవాళ్లలో చాలామంది ఊళ్లు మారారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, ఇక రాలేదు. స్టేడియం మళ్లీ తెరుచుకున్నాక వచ్చిన కుర్రాళ్లకు పాటలు నేర్పే మనిషి పక్కన లేడు. గోల్ పడితే ఈలలు, పడకపోతే నిశ్శబ్దం. మ్యాచ్ అయ్యాక ఆటగాళ్లు మా ముందుకొచ్చి చేతులు పైకెత్తి చప్పట్లు కొడతారు, మేమూ వాళ్లతో కలిసి కొట్టాలి. ఇప్పుడు సగం మంది ఒక చేత్తో వీడియో తీస్తుంటారు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అలాగని కొత్తవాళ్లని తక్కువ చేయను. 2023-24లో మన జట్టు పన్నెండింటిలో పదో స్థానంలో ఆగింది. గెలుపు కోసమే వచ్చేవాళ్లు ఆ ఏడాది జారుకున్నారు. ఓడుతున్నా వచ్చి నిలబడ్డవాళ్లలో చాలామంది కోవిడ్ తర్వాత చేరినవాళ్లే. ఇప్పుడు డ్రమ్ము దగ్గర పాట ఎత్తుకునేది వాళ్లే. ఆడపిల్లలు కూడా ముందుకంటే ఎక్కువ కనిపిస్తున్నారు, ఇది చాలా మంచి మార్పు.

నా దిగులంతా ఛెత్రీ గురించే. కేవలం అతని కోసం వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. అతను ఆడటం మానేశాక వాళ్లలో ఎందరు మిగులుతారో! అందుకే కొత్తవాళ్లకి పాటలు ఇప్పుడే పట్టుబడాలి, రంగు జెర్సీ ఒక్కటే సరిపోదు.

వైట్‌ఫీల్డ్ వైపు ఉండేవాళ్లకి పర్పుల్ లైన్ మెట్రో ఉంది, కబ్బన్ పార్క్‌లో దిగి నడవొచ్చు. కనీసం అరగంట ముందు రండి, డ్రమ్ముకి దగ్గర్లో నిలబడండి. పాట రాకపోతే "అణ్ణా, హేళికొడి" (అన్నా, నేర్పండి) అని పక్కవాళ్లని అడగండి, సంతోషంగా నేర్పుతారు.