జాగ్రత్త: ఆ "ఇంట్లో చేసిన" క్రిస్మస్ కేకుల స్టిక్కరు కింద ఇంకో లేబుల్ ఉంది

పాలకొల్లు, నరసాపురం, రాజోలు చుట్టుపక్కల వాళ్ళు ఇది రేపటిలోపే చదవండి. వాట్సాప్ స్టేటస్‌లో ద్రాక్షరసంలో నానుతున్న కిస్మిస్ జాడీ వీడియోలు పెట్టి, చిన్న చిన్న ప్లమ్ కేకులు "మా ఇంట్లో, మా చేత్తో" అని అమ్ముతున్నావిడ ఎవరో మీకు తెలుసు. పేరు రాయను. మీలో చాలామంది ఇప్పటికే ఆర్డరిచ్చి ఉంటారు.

మా ఇంట్లో ఏటా కేకులు మేమే చేసుకుంటాం. అమ్మ ఉన్నప్పుడు దబరలో ఇసుక పోసి బొగ్గుల మీద కాల్చేది. ఈసారి అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయ్యి తీరిక చిక్కలేదు. ఈవిడకి వంద గ్రాములవి నలభై చెప్పాను. ఒక్కోటి 95 రూపాయలు, మొత్తం 3,800 ముందే ఫోన్‌పేలో వేయించుకుంది. "గుడ్డు తిననివాళ్ళకి ఇవ్వాలి, పైగా ధనుర్మాసం, మాలలో ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు" అని విడిగా మెసేజ్ పెట్టాను. "మనవన్నీ ఎగ్‌లెస్సే అక్కా, మీరేం కంగారుపడకండి" అని వాయిస్ మెసేజ్ పంపింది. కేకులు ఇచ్చేటప్పుడు "నిన్న రాత్రే ఓవెన్‌లోంచి తీశాను" అంది.

ప్రతి డబ్బాకీ ఎర్ర రిబ్బను కట్టి, చీటీ మీద నా చేత్తో శుభాకాంక్షలు రాసి, మా ఇంటిపేరు పెట్టి పంచాను.

మర్నాడు పొద్దున్నే పక్కింటి మామ్మగారి మనవరాలు డబ్బా పట్టుకుని వచ్చింది. "ఆంటీ, మామ్మ ఇది తినొచ్చా? ఇందులో గుడ్డు అని ఉంది" అంది. వాళ్ళింట్లో రిబ్బను విప్పుతుంటే టేపుతో పాటు పై స్టిక్కరు సగం లేచొచ్చిందట. మిగతాది గోటితో లాగితే కింద ఫ్యాక్టరీ లేబుల్ చక్కగా కనబడింది. శాకాహారం కాదని తెలిపే గోధుమరంగు త్రికోణం గుర్తు. పదార్థాల్లో గుడ్ల పొడి. పాడవకుండా వేసే 202 నంబరు ప్రిజర్వేటివ్. తయారైంది అక్టోబరులో. ఎమ్మార్పీ 40 రూపాయలు. నా చేతులు వణికాయి. ఇంట్లో మిగిలినవాటి స్టిక్కర్లు పీకి చూశాను. అన్నీ అవే.

ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తింది. డబ్బులు వేసేదాకా "అక్కా" అన్న మనిషి ఇప్పుడు "చెప్పండి మేడమ్" అంది. లేబుల్ సంగతి అడిగితే కాదనలేదు. "సీజన్ కదా మేడమ్, ఇన్ని ఆర్డర్లు ఒక్కదాన్నే ఎలా చేస్తాననుకున్నారు" అంది. గుడ్డు గురించి అడిగాను. అప్పుడంది: "పంచిపెట్టేవే కదా మేడమ్, మీరు తినేవా ఏంటి? ఇంత రాద్ధాంతం దేనికి?" ఫోన్ పెట్టేసి నన్ను బ్లాక్ చేసింది.

డబ్బు పోయిందని కాదు, ఆ మాటే నన్ను తినేస్తోంది. పంచిపెట్టేవి కాబట్టి ఏదైనా చెల్లుతుందా? సంక్రాంతికి మామ్మగారు మాకు అరిసెలు పంపేటప్పుడు విరిగినవీ, మాడినవీ ఏరి వాళ్ళింటికి ఉంచుకుని, మంచివి మాత్రమే పళ్ళెంలో సర్ది గుడ్డ కప్పి పంపుతారు. ఈ ఊళ్ళో ఇచ్చిపుచ్చుకోవడం అంటే అది. ఆ ఇంటికి, ధనుర్మాసంలో, గుడ్డు లేదని నా నోటితో చెప్పి ఈ కేకు పంపాను. ఆవిడ నమ్మింది ఆ అమ్మేదాన్ని కాదు, నన్ను.

ఆ రోజంతా ఇంటింటికీ తిరిగి చెప్పాను. మామ్మగారు అప్పటికి ముట్టలేదు, దేవుడి దయ. మా ఆఫీసులో అయ్యప్ప మాల వేసుకున్నాయన మాత్రం తినేశారు. ఫోన్‌లో చెప్పేసరికి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "తెలిసి తినలేదు కదమ్మా, స్వామే చూసుకుంటాడు" అన్నారు. తిట్టినా బాగుండేది.

ఆవిడ దగ్గర కొన్న డబ్బాలు మీ ఇంట్లో ఉంటే పంచకముందే ఒక స్టిక్కరు లేపి చూడండి. గుడ్డు తిననివాళ్ళకి ఇప్పటికే ఇచ్చుంటే సిగ్గుపడకుండా ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. ఇంట్లో చేసి అమ్మేవాళ్ళకి కూడా ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి, 14 అంకెల నంబరు ఇస్తారు. అడగండి, చెప్పకపోతే కొనకండి. నిజంగా ఇంట్లో కష్టపడి చేసి అమ్ముకునే ఆడవాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు, ఈవిడ వల్ల వాళ్ళ పొట్ట కొట్టొద్దు.

నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు పెడుతున్నాను. వాయిస్ మెసేజ్, పేమెంట్ రసీదు, రెండు లేబుళ్ళ ఫొటోలు దాచి ఉంచాను. మీకూ ఇలాగే జరిగి ఉంటే డబ్బాలు పారెయ్యకండి, నాకు చెప్పండి, మీ ఫొటోలు కూడా జతచేద్దాం.