ఇంటి గుమ్మమా, వీధి చివర కొట్టా? విశాఖలో పార్శిల్‌కి ఏది మేలు

"మేడం, లొకేషన్‌కి వచ్చేశాను. ఇల్లెక్కడండీ?"

"ఎక్కడున్నారు బాబూ?"

"రామాలయం దగ్గరండి."

"ఏ రామాలయం? కిందదా, పైదా?"

ఆరిలోవ, తాటిచెట్లపాలెం లాంటి చోట్ల కొండవాలున ఇల్లున్నవాళ్లకి ఈ ఫోన్ కొత్త కాదు. సూరత్‌లో బయల్దేరిన చీర వెయ్యి కిలోమీటర్లు పైబడి ఏ గొడవా లేకుండా వచ్చేస్తుంది. ఊళ్లో పార్శిళ్లు దించి పంచే హబ్ దాకా వందల పార్శిళ్లు ఒకే లారీలో వస్తాయి కాబట్టి ఒక్కోదాని మీద పడే ఖర్చు తక్కువ. హబ్ దాటాక దేని దారి దానిదే. అందుకే మొత్తం ప్రయాణంలో ఖరీదైన ముక్క ఈ చివరిదే. ఇంట్లో మనిషి లేకపోతే అదే ముక్కకి రెండోసారి ఖర్చు. డెలివరీ అబ్బాయికి చాలాచోట్ల పార్శిల్‌కి ఇంత అనే లెక్క. బండి అతనిది, పెట్రోలు అతనిది. తలుపు తీయని ఇంటికి వెళ్లొచ్చిన శ్రమ ఎవరి ఖాతాలో పడుతుందో వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి నేను ఏ పద్ధతినైనా తూచేది ఒక్క ప్రశ్నతోనే: ఒకసారి బయల్దేరిన పార్శిల్ ఆ ఒక్కసారికే మనిషి చేతికి చేరుతుందా?

ఇంటి గుమ్మం దాకా తెచ్చి ఇవ్వడం ఎంవీపీ కాలనీలో, స్టీల్ ప్లాంట్ ఉద్యోగులుండే ఉక్కునగరంలో బాగానే నడుస్తుంది. సెక్టార్లున్నాయి, వీధులు తిన్నగా ఉన్నాయి, నంబరు చూసి ఇల్లు పట్టుకోవచ్చు. ఉక్కునగరంలో ఉన్న చిక్కల్లా షిఫ్టులే. సీ షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న మనిషిని పదకొండింటికి కాలింగ్ బెల్ కొట్టి లేపితే ఆ పార్శిల్‌లో ఏమున్నా సంతోషంగా అందుకోడు. పాతపట్నం సందుల్లో, కంచరపాలెం వెనక కొండ మీద అయితే కథ వేరు. అక్కడ డోర్ నంబరు కంటే సచివాలయం పక్కనా, నీళ్ల ట్యాంకు ఎదురుగానా అన్నదే అసలు అడ్రస్.

తపాలా శాఖ 2025లో తెచ్చిన డిజిపిన్‌తో ఈ బాధ తీరుతుందని కొందరి ఆశ. 1972లో వచ్చిన ఆరంకెల పిన్‌కోడ్ ఒక పోస్టాఫీసు పరిధిని మాత్రమే చెప్తుంది. పది అక్షరాల, అంకెల డిజిపిన్ దాదాపు నాలుగు మీటర్ల చదరాన్ని చూపిస్తుంది. సమతలం మీద ఇది నిజంగా పెద్ద మెరుగు. కానీ ఇల్లు ఎక్కడుందో అది చెప్తుంది, ఎటు నుంచి వెళ్లాలో చెప్పదు. కొండవాలున రెండిళ్ల మధ్య దూరం మ్యాప్‌లో పది మీటర్లే కనిపిస్తుంది. తీరా చూస్తే ఒకదాని మెట్లు తూర్పు సందులో, ఇంకోదాని మెట్లు కొండ చుట్టి అవతల ఉంటాయి. అపార్ట్‌మెంట్‌లో మొదటి అంతస్తుకీ ఐదో అంతస్తుకీ డిజిపిన్ ఒకటే. కోడ్‌తో పాటు "బోరింగు పక్క మెట్లెక్కి మూడో ఇల్లు" అని ఒక వరుస రాస్తేనే అది పూర్తి అడ్రస్ అవుతుంది.

ఇలాంటి చోట్ల నా ఓటు వీధి చివర కొట్టుకే. ఇది కొత్త ఆలోచనేం కాదు. అమెజాన్ 2015లోనే 'ఐ హ్యావ్ స్పేస్' పేరుతో చిన్న కొట్లవాళ్లని కలుపుకుని, వాళ్ల కొట్టు చుట్టూ రెండు నుంచి నాలుగు కిలోమీటర్ల లోపు డెలివరీలు అప్పజెప్పింది. ఫ్లిప్‌కార్ట్ కూడా 2019లో కిరాణా కొట్లతో అలాంటిదే మొదలుపెట్టింది. కొండ కింద కొట్టు ఒకటి పట్టుకుంటే ఇరవై ఇళ్ల పార్శిళ్లు ఒక్క చోట దిగిపోతాయి. కొట్టు పొద్దున్నే తీస్తారు, రాత్రి తొమ్మిది దాకా ఉంటుంది. డ్యూటీ నుంచి వచ్చేవాళ్లు పాల ప్యాకెట్‌తో పాటే పార్శిలూ పట్టుకెళ్తారు. పైగా ఏ రామాలయమో కొట్టతనికి చెప్పక్కర్లేదు.

అయితే దీన్ని మొహమాటం మీద నడపకూడదు. ఇప్పుడు జరుగుతున్నది అదే. "అన్నా, కాస్త ఇక్కడ పెట్టి వెళ్తున్నా" అని డెలివరీ అబ్బాయి, "మా పార్శిల్ తీసుకుని ఉంచండి బాబాయ్" అని మనం. ఆయనకి పైసా రాదు, బియ్యం బస్తాల పక్కన చోటు పోతుంది. డబ్బా నలిగినా తడిసినా మాట పడేది మాత్రం ఆయనే. కంపెనీ పార్శిల్‌కి ఇంత అని ఆయనకి కట్టాలి. పోయినా పాడైనా బాధ్యత తనదేనని రాసివ్వాలి. ఓటీపీ ఫోన్‌లో కొట్టుకి చెప్పే అలవాటు మానాలి. కొట్టులో దించినప్పుడు కొట్టు సంతకం, మన చేతికి వచ్చాకే మన ఓటీపీ. ఇంకో సంగతి గట్టిగా ఎవరూ అనరు. ఆడవాళ్లు తెప్పించుకున్నదేంటో వీధంతా చదివేలా కవరు మీద సరుకు పేరు ఉంటే వాళ్లు ఆ కొట్టు గడప తొక్కరు. బయట పేరు, నంబరు మాత్రమే ఉండాలి.

మధురవాడ, కొమ్మాది వైపు పెద్ద అపార్ట్‌మెంట్లకి లాకర్లు, అంటే కోడ్ కొడితే తలుపు తెరుచుకునే పార్శిల్ అరలు పెట్టమంటారు. పోలండ్‌లో 2009 నుంచి ఇన్‌పోస్ట్ అనే కంపెనీ ఈ పార్శిల్ లాకర్లని బాగా నడుపుతోంది. ఇక్కడ అపార్ట్‌మెంట్ లోపలైతే పనికొస్తుంది. వాచ్‌మన్ గది పార్శిళ్ల గోడౌన్ కాకుండా పోతుంది, అది మాత్రం మంచిదే. బీచ్ రోడ్డు పక్కన ఆరుబయట పెట్టడానికి మాత్రం నేను ఒప్పుకోను. ఉప్పుగాలికి గేట్లూ, ఏసీ డబ్బాలూ ఎంత తొందరగా తుప్పు పడతాయో సముద్రం దగ్గర ఉన్నవాళ్లకి తెలుసు. కరెంటు మీద ఆధారపడే తలుపు ఇంకో టెన్షన్. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను కొట్టాక రోజుల తరబడి కరెంటు లేని ఊరిది. బ్యాటరీ లేని లాకర్ ఇక్కడ వద్దు.

పోస్టాఫీసుని చాలామంది లెక్కలోకే తీసుకోరు. అడ్రస్ విషయంలో పోస్ట్‌మ్యాన్‌ని మించినవాళ్లు లేరు. ఏళ్ల తరబడి ఒకే బీట్ తిరిగినవాళ్లకి మ్యాప్ అక్కర్లేదు. ఇంట్లో లేకపోతే పార్శిల్ పోస్టాఫీసులో ఉంటుంది, కానీ మనం ఆఫీసు నుంచి వచ్చేసరికి కౌంటర్ మూసేస్తారు. సాయంత్రం ఇంకో రెండు గంటలు తెరిచి ఉంచితే కొట్టుకి గట్టి పోటీ ఇస్తుంది.

ఆర్డర్ పెట్టేటప్పుడే 'గుమ్మం దాకా', 'దగ్గరి కొట్టు' అని రెండూ చూపించి, కొట్టు ఎంచుకున్నవాళ్లకి డెలివరీ చార్జీ తగ్గిస్తే జనం వాళ్లంతట వాళ్లే సర్దుకుంటారు. పెద్దవాళ్లున్న ఇంటికి, మందులకి మాత్రం గుమ్మం తప్పదు, అదనంగా అడక్కూడదు కూడా. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ సంగతి వేరు. అవి ఏ కొట్టులోనూ పట్టవు. కొండ మీద ఇళ్లకి మెట్లెక్కించే కూలీ ఎంతో ఆర్డర్ అప్పుడే బిల్లులో రాసేయాలి. లేకపోతే కింద బండి ఆపుకుని ఇద్దరు మనుషులు, పైన వరండాలో ఇంటావిడ, ఐదు వందల దగ్గర మొదలైన బేరం మధ్యాహ్నం దాకా సాగుతుంది.