పాత రెజిన్ కిట్టా, ప్లాస్టిక్ కిట్టా?

హెచ్‌ఓ స్కేల్ (అసలు సైజులో 87వ వంతు, 1:87) మోడల్ రైల్వే లేఅవుట్ మీద ఇటుక భవనం నిలబెట్టాలంటే అమెరికా మోడలర్లకు మాగ్నసన్ మోడల్స్ లాంటి పాత రెజిన్ (అచ్చులో పోస్తే గట్టిపడే ద్రవం) కిట్లున్నాయి, వాల్తర్స్ కార్నర్‌స్టోన్ లాంటి ప్లాస్టిక్ కిట్లున్నాయి.

ప్లాస్టిక్‌తో పని సులువు. ప్లాస్టిక్ సిమెంట్ అనే జిగురు రాస్తే అంచులు కరిగి అతుక్కుపోతాయి.

రెజిన్ అలా లొంగదు. ప్లాస్టిక్ సిమెంట్ దాని మీద పనిచేయదు. సూపర్ గ్లూ గానీ ఎపాక్సీ గానీ కావాలి. ముందు గిన్నెలు తోమే సబ్బుతో కడగాలి, లేకపోతే అచ్చుకు పూసిన జిడ్డు మిగిలిపోయి రంగు సరిగా పట్టదు. పెట్టెలో ఏళ్ల తరబడి ఉండి వంకరపోయిన గోడను వేడినీళ్లలో ఉంచి, మెత్తబడగానే అద్దం మీద పరిచి, బరువు పెట్టి చల్లారనివ్వాలి. అరగదీసేటప్పుడు లేచే పొడి పీల్చకూడదు. మాస్క్ తప్పనిసరి, సాండ్‌పేపర్ తడిపి వాడండి.

ఇంత శ్రమా ఆ గోడల కోసమే. రెజిన్‌ను మెత్తని రబ్బరు అచ్చులో పోస్తారు కాబట్టి పెచ్చులూడిన ఇటుకలు, లోతైన పగుళ్లు చక్కగా దిగుతాయి. ప్లాస్టిక్‌కు వాడే గట్టి లోహపు అచ్చులో అది కష్టం. కిటికీ చట్రాలు మాత్రం ప్లాస్టిక్‌వే సన్నగా, అందంగా ఉంటాయి. చూపు నిలిచే ముందు వరసలో నేను రెజిన్‌నే పెడతాను, వెనక వరసకు ప్లాస్టిక్ చాలు.