పాత అమెరికా వెండి చెంచా: ముద్రను నమ్మాలా, ఆకారాన్నా?

పాత వెండి చెంచా దొరికితే చాలామంది ముందు భూతద్దం పెట్టి కాడ వెనక ముద్ర వెతుకుతారు. నేను ముందు కాడ చివర ఎలా ఉందో చూస్తాను.

ఇంగ్లండు చెంచా అయితే ముద్ర చాలు. ఊరి గుర్తు, ఏడాది అక్షరం, చేసినవాడి పొడి అక్షరాలు వరసగా ఉంటాయి. అమెరికాలో దేశమంతటికీ వెండిని పరీక్షించి అలా ముద్ర వేసే అధికారిక పద్ధతి ఎన్నడూ లేదు. బాల్టిమోర్‌లో మాత్రం 1814 నుంచి 1830 దాకా నడిచింది. మిగతా చోట్ల కంసాలి తన పేరు తనే కొట్టుకునేవాడు. ఇంగ్లండు సరుకులా కనబడాలని పక్కన సింహం బొమ్మ, మనిషి తల కొట్టినవాళ్లూ ఉన్నారు. 19వ శతాబ్దంలోనైతే ఆ పేరు చాలాసార్లు అమ్మిన దుకాణానిదే, చేసినవాడిది కాదు.

ఆకారం అంత తేలిగ్గా బొంకదు. 18వ శతాబ్దం మొదట్లో చెంచా గుంట వెనక ఎలుక తోకలాంటి గీత ఉండేది. 1790–1810 ప్రాంతంలో కాడ చివర శవపేటికలా మూలలు కోసినట్టు ఉంటుంది. ఆ తర్వాత ఫిడేలు ఆకారం వచ్చింది. 1820, 30ల్లో దాని మీద గోధుమ పన, పూలబుట్ట. బోస్టన్ కంసాలి పాల్ రివీర్ 1818లో పోయాడు. పూలబుట్ట చెంచా మీద ఆయన పేరుంటే నేనైతే డబ్బు బయటికి తీయను.

అయితే ఆకారం పేరు చెప్పదు, ఊరూ చెప్పదు. పాత నమూనాలను తర్వాత మళ్లీ చేసినవాళ్లూ ఉన్నారు. ప్రావిడెన్స్‌లోని గోర్హమ్ కంపెనీ సరుకు దగ్గర ముద్రదే పైచేయి: సింహం, లంగరు, జి అక్షరం, 1868 నుంచి ఏడాది గుర్తు కూడా. 'కాయిన్' అని ఉంటే అమెరికా నాణేల ప్రమాణంలో ఉన్న వెండి, 1837 తర్వాతి లెక్కలో వెయ్యికి 900 పాళ్లు. 'స్టెర్లింగ్' అంటే 925. అది ఎక్కువగా 1860ల తర్వాతి మాట. '1847 రోజర్స్ బ్రదర్స్' చూసి మురిసిపోకండి. 1847 ఆ చెంచా చేసిన ఏడాది కాదు, బ్రాండు పేరులో భాగం. అది వెండి పూత సరుకు.

మనం స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించినట్టు వాళ్లూ పొడి అక్షరాలు చెక్కించుకునేవారు. మూడు అక్షరాలు త్రికోణంగా ఉంటే సాధారణంగా పైది ఇంటిపేరు, కింద భర్తదీ భార్యదీ. బొటనవేలితో రుద్ది చూడండి, అక్కడ రేకు పల్చగా లోపలికి నొక్కుకున్నట్టు తగిలితే పాత అక్షరాలు చెరిపేశారన్నమాట.

ఒకే ధరకి రెండు పెట్టారనుకోండి: ఒకటి స్పష్టమైన పేరుతో, గుంట బాగా అరిగిపోయింది, రెండోది ముద్ర లేనిది, శవపేటిక మూలలు ఇంకా పదునుగా ఉన్నది. నేను రెండోదే తీసుకుంటాను.